పావు అణా లెక్క

1877 జనవరి 1న ఢిల్లీలో వైస్రాయ్ లిట్టన్ దర్బారు తీర్చి విక్టోరియా రాణిని భారత సామ్రాజ్ఞిగా ప్రకటించాడు. దక్షిణాదిని కరవు కాల్చుకు తింటున్న రోజులవి. సరిగ్గా ఆ రోజే నాగపూరులో ఒక నూలు మిల్లు యంత్రాలు కదిలాయి. పరిపాలకుల పండుగకు గుర్తుగా దానికి ‘ఎంప్రెస్ మిల్లు’ అని పేరు పెట్టారు. యజమాని సంస్థ అసలు పేరు సెంట్రల్ ఇండియా స్పిన్నింగ్, వీవింగ్ అండ్ మాన్యుఫాక్చరింగ్ కంపెనీ. దాని మూలధనం 15 లక్షల రూపాయలు. దాన్ని నెలకొల్పిన జంషెట్‌జీ నస్సర్‌వాన్‌జీ టాటాకు అప్పటికి 38 ఏళ్లు నిండలేదు.

మిల్లంటే బొంబాయిలోనే పెట్టాలన్నది ఆనాటి వ్యాపారుల గట్టి నమ్మకం. ఓడరేవు అక్కడే, బ్యాంకులు అక్కడే, యంత్రాలు దిగేదీ అక్కడే. జంషెట్‌జీ లెక్క వేరుగా ఉంది. పత్తి పండే చోటనే మిల్లు ఉండాలి, బొగ్గు దగ్గరలో దొరకాలి, సరుకు రెండు వైపులా తరలించడానికి రైలు ఉండాలి. నాగపూరుకు ఈ మూడూ ఉన్నాయి. ఆయన కొన్న స్థలం మాత్రం చిత్తడి నేల. దాన్ని మట్టితో పూడ్చడం చూసి ఒక మార్వాడీ షావుకారు, బంగారాన్ని గోతిలో పోసే మనిషికి అప్పివ్వనని నిరాకరించాడనీ, తరువాతి కాలంలో ఆ పెద్దమనిషే ‘ఆయన మట్టి పోసి బంగారం తీశాడు’ అని ఒప్పుకున్నాడనీ ఒక కథ ప్రచారంలో ఉంది. గెలిచినవారి చుట్టూ ఇలాంటి కథలు పుట్టడం సహజమే. అయితే మట్టికీ బంగారానికీ నడుమ గడిచిన సంవత్సరాలను ఆ కథ దాటవేస్తుంది. చరిత్రకు పనికివచ్చేది ఆ నడిమి కాలమే.

ఎంప్రెస్ మిల్లు మొదట్లో తడబడింది. చవకగా వస్తున్నాయని కొన్న తొలి యంత్రాలు నాసిరకమని తేలింది. వాటా ధర పడిపోయింది. పెట్టుబడి పెట్టినవారు గొణుక్కున్నారు. అటువంటి స్థితిలో ఉన్న సంస్థ ఒకటి, ప్రపంచ వస్త్ర పరిశ్రమకు రాజధాని అయిన లాంకషైరే నమ్మని ఒక కొత్త యంత్రం వైపు చూసింది. ‘ఈ మార్పు మనకు గిట్టుబాటేనా’ అన్న ప్రశ్నను భారతీయ పరిశ్రమ తన చరిత్రలో బహుశా మొదటిసారి అంత సూటిగా ఎదుర్కొన్నది అక్కడే. తరువాతి నూట ఇరవై ఏళ్లలో అదే ప్రశ్న బొంబాయిలో మళ్లీ మళ్లీ లేచింది. ప్రశ్న మారలేదు. దాన్ని వేసుకునే మనిషి మారాడు. జవాబు కూడా అతనితోపాటే మారింది.

కదురు చుట్టూ తిరిగిన ప్రశ్న

పందొమ్మిదో శతాబ్దపు నూలు మిల్లులో రాజ్యమేలింది మ్యూల్ అనే యంత్రం. 1779లో శామ్యూల్ క్రాంప్టన్ తయారుచేసిన నమూనాకు మెరుగులు దిద్దుతూ వచ్చిన యంత్రమది. దానికొక పొడవాటి బండి ఉంటుంది. బండి ముందుకు వచ్చేటప్పుడు దూది సాగి పురి ఎక్కుతుంది. వెనక్కు వెళ్లేటప్పుడు ఆ నూలు కదురుకు చుట్టుకుంటుంది. అంటే ఆ యంత్రం పురి ఎక్కిస్తున్నంతసేపు నూలు చుట్టదు, చుడుతున్నంతసేపు పురి ఎక్కించదు. దాన్ని నడపడానికి బలమూ అనుభవమూ ఉన్న మగ పనివాడు కావాలి.

రింగ్ ఫ్రేమ్ అలా కాదు. కదురు చుట్టూ ఒక ఉంగరం, దాని మీద పరుగెత్తే చిన్న కొక్కెం. సాగడం, పురి ఎక్కడం, చుట్టుకోవడం ఒకేసారి, ఆగకుండా జరిగిపోతాయి. గంటకు వచ్చే నూలు ఎక్కువ. నేర్చుకోవడానికి పట్టే కాలం తక్కువ. అమెరికాలో పుట్టిన ఈ యంత్రానికి రెండు ఇబ్బందులున్నాయి. అది పోగును గట్టిగా లాగుతుంది కనుక కాస్త మేలైన పత్తి కావాలి. లేకుంటే పోగులు తెగుతూనే ఉంటాయి. సన్న నూలుకు అది అప్పట్లో అంతగా పనికిరాదు, ముతక నూలుకు బాగా పనికివస్తుంది.

1880ల ఆరంభంలో జంషెట్‌జీ ఈ యంత్రం గురించి తెలుసుకుని ఎంప్రెస్ మిల్లుకు తెప్పించాడు. ఉన్న యంత్రాలన్నీ ఒక్కసారిగా పీకించలేదు. ముందు రెండు ఫ్రేములు పెట్టి, తమ పత్తితో, తమ పనివాళ్లతో, నాగపూరు ఎండలో అవి ఎలా నడుస్తాయో చూశారు. ఆ పరీక్ష నడిచిన మిల్లుకు మేనేజరు బెజోన్‌జీ దాదాభాయి మెహతా. మిల్లుకు రాకముందు ఆయన పనిచేసింది రైల్వే సరుకుల రవాణాలో. నూలు వడకడం ఆయన వంశవృత్తి కాదు. పాత పద్ధతి మీద మమకారం లేకపోవడం ఇలాంటి సందర్భాల్లో ఒక అర్హతే. ఫలితం తేలిన తరువాత మ్యూళ్ల స్థానంలో రింగులను పెంచుకుంటూ పోయారు.

యంత్రం మార్చడంతో పని అయిపోలేదు. నాగపూరు పొడి గాలికి పోగులు తెగిపోతాయి కనుక మిల్లులో తేమ నిలిపే పరికరాలు పెట్టారు. హాజరు సరిగా లేని పనివాళ్లను నిలుపుకోవడానికి బహుమతులు, 1886లో పెన్షన్ నిధి, 1901లో ప్రావిడెంట్ ఫండ్ వచ్చాయి. వీటిని తరచుగా యజమాని దయకు నిదర్శనంగా చెబుతారు. దయ ఉండవచ్చు. దాని పక్కనే ఒక లెక్క కూడా ఉంది. రోజంతా ఆగకుండా తిరిగే యంత్రం దగ్గర మనిషి లేకపోతే, ఆ యంత్రం కోసం పెట్టిన డబ్బు వృథా. యంత్రం, గాలి, పత్తి, మనిషి కలిస్తేనే మార్పు. ఒక్కటి మార్చి మిగిలిన మూడూ ఉన్నట్టే ఉంచితే, అది ఖర్చుగా మిగిలిపోతుంది.

లాంకషైరు ఎందుకు మారలేదు

ఇక్కడ ఒక సులభమైన కథ సిద్ధంగా ఉంది. దూరదృష్టి గల భారతీయుడు కొత్త యంత్రాన్ని పట్టుకున్నాడు, కళ్లు మూసుకున్న ఆంగ్లేయుడు పాతదానికి అంటిపెట్టుకున్నాడు. జాతీయాభిమానానికి ఇంపుగా ఉండే ఈ కథ సగమే నిజం.

1913 నాటికి కూడా బ్రిటన్ కదుళ్లలో దాదాపు ఐదింట నాలుగు వంతులు మ్యూళ్లవే. అమెరికాలో అప్పటికి లెక్క తలకిందులై, అత్యధిక భాగం రింగులే ఉన్నాయి. లాంకషైరు యజమానులు మూర్ఖులా? ఆర్థిక చరిత్రకారులు దశాబ్దాలపాటు ఈ ప్రశ్నపై వాదించుకున్నారు. లార్స్ శాండ్‌బర్గ్ వేసిన లెక్క ప్రకారం వారి నిర్ణయం చాలావరకు సహేతుకమే. వారు వడికే సన్న నూలుకు మ్యూల్ సరిపోతుంది. అదే నంబరు నూలును మ్యూల్ కాస్త తక్కువ రకం పత్తితో తీయగలదు. తరతరాలుగా ఆరితేరిన పనివాళ్లు చేతిలో ఉన్నారు. పాత యంత్రం ఖరీదు ఎప్పుడో తీరిపోయింది కనుక దానికి నడిపే ఖర్చు వస్తే చాలు. కొత్త యంత్రం మాత్రం నడిపే ఖర్చుతోపాటు తన ఖరీదునూ సంపాదించిపెట్టాలి.

విలియం లాజోనిక్ మరొక మెట్టు దిగి చూశాడు. లాంకషైరులో వడికే మిల్లు ఒక ఊళ్లో, నేసే మిల్లు మరొక ఊళ్లో, చాలావరకు యజమానులు వేరు. మ్యూల్ నూలు తేలికపాటి చుట్టగా వస్తుంది, పంపించడం సులభం. రింగ్ నూలు బరువైన చెక్క కండె మీద వస్తుంది. కండెలు పంపడానికి ఖర్చు, ఖాళీ కండెలు తిరిగి రప్పించడానికి మరో ఖర్చు. వడకడం, నేయడం ఒకే గోడ మధ్య జరిగితే ఈ ఖర్చు ఉండదు. కానీ పరిశ్రమ మొత్తాన్ని అలా తిరిగి కూర్చడం ఏ ఒక్క యజమాని చేతిలోనూ లేదు. అంటే ప్రతి యజమానీ తన గుమ్మం లోపల సరైన లెక్కే వేశాడు. ఆ సరైన లెక్కలన్నీ కలిసి పరిశ్రమను ముంచాయి. చివరకు 1959లో బ్రిటన్ పార్లమెంటు ప్రత్యేక చట్టం చేసి, పాత కదుళ్లను, మగ్గాలను తుక్కు చేసే యజమానులకు ప్రజాధనం నుంచి పరిహారం చెల్లించవలసి వచ్చింది.

జపాన్ మూడో దారి తొక్కింది. షిబుసావా ఎయిచి పూనికతో 1883లో నడక మొదలుపెట్టిన ఒసాకా స్పిన్నింగ్ మిల్లు మ్యూళ్లతోనే ఆరంభించినా, ఆ దశాబ్దం ముగిసేలోగా రింగులకు మారిపోయింది. మిగిలిన జపాన్ మిల్లులూ అదే బాట పట్టాయి. రింగుకు మేలైన పత్తి కావాలన్న చిక్కును వారు పత్తులు కలిపే విద్యతో విడదీశారు. భారతదేశపు చవక పత్తిలో అమెరికా పొడవు పింజను తగు పాళ్లలో కలిపారు. పల్లెల నుంచి తెచ్చిన ఆడపిల్లలను మిల్లు వసతి గృహాల్లో ఉంచి రాత్రింబవళ్లు రెండు వంతులుగా పని చేయించారు. యంత్రం రెట్టింపు గంటలు నడిస్తే దాని ఖరీదు సగం కాలంలో తిరిగి వస్తుంది. ఆ లెక్క వెనుక నలిగిన ఆడపిల్లల ఆరోగ్యం ఏ జమాఖర్చు పుస్తకానికీ ఎక్కలేదు.

ఈ కథలో ఒక వింత ఉంది. 1893లో జంషెట్‌జీ జపాన్ వెళ్లి, అక్కడి నూలు మిల్లుల వారితోనూ నిప్పన్ యూసెన్ కైషా అనే ఓడల కంపెనీతోనూ ఒప్పందం కుదుర్చుకున్నాడు. బొంబాయి నుంచి తూర్పు దేశాలకు సరుకు రవాణాపై పి అండ్ ఓ కంపెనీ గుత్తాధిపత్యాన్ని బద్దలు కొట్టాలన్నది సంకల్పం. పి అండ్ ఓ రేట్లు నేలకు దించి పోరాడింది. టాటా ఓడల వ్యాపారం మునిగింది. జపాన్ కంపెనీ నిలిచింది. భారతదేశపు పత్తి జపాన్‌కు చవకగా చేరే దారి మిగిలిపోయింది. ఆ పత్తితో వడికిన నూలే తరువాత చైనా మార్కెట్లో బొంబాయి నూలును వెనక్కు నెట్టింది. 1897 నాటికి జపాన్ తాను కొనే నూలుకంటే అమ్మే నూలు ఎక్కువైన దేశంగా మారింది. అదే దశాబ్దంలో బ్రిటిష్ ప్రభుత్వం 1893లో టంకశాలలను వెండికి మూసివేయడంతో, వెండి నాణేల చైనాకు సరుకు అమ్మే బొంబాయి వ్యాపారి మారకంలో దెబ్బతిన్నాడు. 1896లో ప్లేగు వచ్చి పనివాళ్లు ఊళ్లకు పరుగెత్తారు.

ఏజెంటు జేబు

బొంబాయి మిల్లులు రింగును తిరస్కరించలేదు. శతాబ్దం మారేసరికి అక్కడా రింగులు వేగంగా వ్యాపించాయి. వారి చిక్కు యంత్రంతో కాదు, ఆ యంత్రం గురించి నిర్ణయం తీసుకునే ఏర్పాటుతో.

వాటాదారుల డబ్బుతో నడిచే మిల్లును నడిపేది మేనేజింగ్ ఏజెంటు. బొంబాయిలో తొలి తరం ఏజెంట్ల ప్రతిఫలం విచిత్రమైనది. తీసిన ప్రతి పౌను నూలుకు పావు అణా. ఆ నూలు అమ్ముడుపోయిందా, గోదాములో మగ్గుతోందా, వాటాదారుకు పైసా మిగిలిందా అన్నదానితో నిమిత్తం లేదు. ఒక మిల్లు ఏడాదికి పది లక్షల పౌన్ల నూలు తీసిందనుకుంటే, పావు అణా చొప్పున రెండున్నర లక్షల అణాలు, అంటే 15,625 రూపాయలు ఏజెంటుకు ముడుతాయి. మిల్లు నష్టంలో ఉన్నా అంతే, లాభంలో ఉన్నా అంతే. పత్తి కొనుగోలు మీద, యంత్రాల కొనుగోలు మీద దక్కే కమిషన్లు వేరు.

ఇలాంటి మనిషి ముందు కొత్త యంత్రం ప్రతిపాదన పెడితే ఏమవుతుంది? నూలు పరిమాణం పెరుగుతుందంటే తలూపుతాడు. నాణ్యత పెరుగుతుంది, పరిమాణం కొంత తగ్గుతుంది, సన్న నూలుతో మంచి ధర వస్తుందంటే అతనికి ఒరిగేదేమీ లేదు. వాటాదారుకు లాభమైన మార్పు ఏజెంటుకు నష్టం కావచ్చు. నిర్ణయం మాత్రం ఏజెంటుదే.

1880ల మధ్య నుంచి ఈ పద్ధతిపై విమర్శలు పెరిగి, లాభంలో శాతంగా కమిషన్ తీసుకునే ఏర్పాటు క్రమంగా వచ్చింది. టాటాలు ఆ మార్పుకు ముందు నిలిచినవారిలో ఉన్నారు. అయితే పావు అణా పోయినా దాని బుద్ధి పోలేదు. చాలా మిల్లుల్లో కమిషన్ లెక్కించేది యంత్రాల తరుగుదల తీసివేయకముందు ఉన్న లాభంపైన. యంత్రం పాతబడుతున్న కొద్దీ దాని మారుకు డబ్బు దాచడం వాటాదారు రేపటి అవసరం. ఏజెంటు కమిషన్ మాత్రం ఇవాళే చేతికి అందుతుంది.

మొదటి ప్రపంచ యుద్ధం, ఆ వెంటనే వచ్చిన సంవత్సరాలు ఈ జబ్బును బయటపెట్టాయి. లాంకషైరు బట్ట రాక తగ్గింది, బొంబాయి మిల్లులకు లాభాలు కురిశాయి. ‘దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి’ అన్నది మనకు తెలిసిన సామెతే. ఆ దీపం వెలుగులో మిల్లులు భారీ డివిడెండ్లు పంచాయి. కొన్ని మిల్లులు పెంచిన ధరలకు చేతులు మారి, మూలధనాన్ని కాగితం మీద ఉబ్బించుకున్నాయి. 1922 తరువాత దీపం కొండెక్కింది. జపాన్ బట్ట బొంబాయి గుమ్మంలోకే వచ్చింది. 1927లో నివేదిక ఇచ్చిన టారిఫ్ బోర్డు విదేశీ పోటీతోపాటు మిల్లుల ఉబ్బిన మూలధనాన్ని కూడా ఎత్తిచూపింది.

యంత్రాలకు డబ్బు మిగలని చోట యజమానులు మార్పును మనిషి మీదకు మళ్లించారు. రింగ్ ఫ్రేముకు ఒక పక్క చూసే పనివాడు రెండు పక్కలూ చూడాలి. రెండు మగ్గాలు నడిపేవాడు మూడు నడపాలి. ససూన్ మిల్లులు ముందు మొదలుపెట్టిన ఈ ఏర్పాటుకు ‘హేతుబద్ధీకరణ’ అని పేరు. పనివాళ్ల అభ్యంతరం మార్పు వద్దని కాదు. నాసిరకం పత్తి వేసి, పోగులు తెగుతూ ఉంటే, రెండు వైపులా పరుగెత్తి అతకడం ఎలా అని వారు అడిగారు. ఎంప్రెస్ మిల్లులో నలభై ఏళ్ల క్రితం దొరికిన జవాబు అదే కదా: పత్తి, గాలి, మనిషి మారకుండా యంత్రపు లెక్క ఒక్కటే మార్చలేము. 1928 ఏప్రిల్‌లో మొదలైన సమ్మె అక్టోబరు దాకా నడిచింది. సుమారు లక్షన్నర మంది పని మానేశారు. గిర్నీ కామ్‌గార్ యూనియన్ ఆ సమ్మెలోంచే పుట్టి ఎదిగింది. మార్పు ఖర్చును ఒక్క వర్గం నెత్తిన పెడితే, ఆ వర్గం మార్పునే శత్రువుగా చూస్తుంది. యాంత్రీకరణకు వ్యతిరేకులని కార్మిక సంఘాలను నిందించేవారు ఈ వరసను మరచిపోతారు.

యంత్రం కింద ఉన్న నేల

స్వాతంత్ర్యం వచ్చాక లెక్క వేసే చేతుల్లో మరొకటి చేరింది, అది ప్రభుత్వానిది. చేనేతను కాపాడే లక్ష్యంతో 1956లో మిల్లుల్లో కొత్త మగ్గాలకు కళ్లెం వేశారు. లక్ష్యం న్యాయమైనదే. ఫలితం మాత్రం చేనేతకు దక్కలేదు. మిల్లులు ఖాళీ చేసిన చోటును భీవండి, మాలేగావ్, ఇచల్‌కరంజి, సూరత్‌ల మరమగ్గాలు ఆక్రమించాయి. అక్కడ పన్ను తక్కువ, కూలి తక్కువ, కార్మిక చట్టం చూపు అంతకన్నా తక్కువ. మిల్లు యజమానులు పాత యంత్రాల నుంచి పిండినంత పిండి, ఆ డబ్బును రసాయనాలలోకి, ఇతర పరిశ్రమలలోకి తరలించారు. 1970 ఏప్రిల్‌లో మేనేజింగ్ ఏజెన్సీ పద్ధతి చట్టరీత్యా రద్దయ్యే సమయానికి అది చేయవలసిన హాని చేసేసింది. ఖాయిలా పడిన 103 మిల్లులను 1974 చట్టంతో కేంద్రం జాతీయం చేసి నేషనల్ టెక్స్‌టైల్ కార్పొరేషన్ చేతికి ఇచ్చింది. నష్టం జాతీయమైంది. యంత్రాలు మాత్రం చాలాచోట్ల పాతవే మిగిలాయి.

1982 జనవరి 18న దత్తా సామంత్ నాయకత్వంలో ఆరంభమైన సమ్మె సుమారు రెండున్నర లక్షల మందిని వీధిలోకి తెచ్చింది. వేతనాలతోపాటు, 1946 నాటి చట్టం కింద గుర్తింపు ఉన్న ఒకే ఒక సంఘానికి మాత్రమే మాట్లాడే హక్కు ఉండటంపై తిరుగుబాటు అది. ఆ సమ్మెను అధికారికంగా ఎవరూ విరమించలేదు, అది కరిగిపోయింది. మిల్లులను ముంచింది సమ్మేనన్న మాట నేటికీ వినిపిస్తుంది. అప్పటికే లోపల చెద పట్టిన చెట్టును గాలివాన పడగొట్టింది. పడిన తరువాత దాన్ని తిరిగి నిలబెట్టాలని ఎవరికీ అవసరం కనిపించలేదు. దానికి కారణం చెట్టు కింద ఉన్న నేల.

1986లో కేంద్రం 750 కోట్ల రూపాయలతో వస్త్ర ఆధునికీకరణ నిధిని ఏర్పాటు చేసింది. కానీ ఆ సమయానికి పరేల్, లోయర్ పరేల్, వర్లీలలో భూమి విలువ యంత్రాల విలువను మించి ఎక్కడికో పోయింది. ఒకప్పుడు ఊరి చివర ఉన్న మిల్లులు ఇప్పుడు మహానగరం నడిబొడ్డున ఉన్నాయి. కొత్త మగ్గాలు తెస్తే పదేళ్లకో పన్నెండేళ్లకో లాభం రావచ్చు, రాకపోవచ్చు. మిల్లు మూస్తే రాబడి ఖాయం. ఏ గణకుడిని కూర్చోబెట్టినా యంత్రం ఓడిపోయే పోటీ అది.

1991లో వచ్చిన నగరాభివృద్ధి నిబంధన ఈ రాబడిని ముగ్గురికి పంచాలని చూసింది. భూమిలో మూడోవంతు నగరానికి ఖాళీ స్థలంగా, మూడోవంతు గృహ నిర్మాణ సంస్థకు, మిగిలింది యజమానికి. 2001లో ఆ నిబంధనను సవరించారు. పంపకం మిల్లు ఆవరణలో కట్టడాలు లేని ఖాళీ జాగాకు మాత్రమే పరిమితమైంది. మిల్లు ఆవరణలో కట్టడాలే ఎక్కువ కనుక నగరానికీ, పేదల ఇళ్లకూ దక్కే భాగం కుంచించుకుపోయింది. ఒక నిబంధనలో కొన్ని మాటలు మారితే వందల ఎకరాల భవితవ్యం మారిపోయింది. 2006లో సుప్రీంకోర్టు ఆ సవరణను సమర్థించింది. అంతకు ముందటి ఏడాదే ప్రభుత్వరంగ కార్పొరేషన్ తన మిల్లు భూములను వేలం వేసింది. ముంబై టెక్స్‌టైల్ మిల్లు స్థలం ఒక్కదానికే 702 కోట్ల రూపాయలు పలికింది. మిల్లు కార్మికుల ఇళ్లకు తొలి లాటరీ తీసింది మాత్రం 2012లో, సమ్మె మొదలైన ముప్పై ఏళ్లకు.

వరంగల్ దాకా వచ్చిన ప్రశ్న

ఈ చరిత్ర తెలుగువారికి పొరుగింటి గొడవ కాదు. ముంబై మిల్లుల్లో, సోలాపూర్ మగ్గాల దగ్గర తెలంగాణ పద్మశాలీలు తరాల తరబడి పనిచేశారు. కరీంనగర్, నల్లగొండ పల్లెల నుంచి వెళ్లినవారు అక్కడ పేటలే కట్టుకున్నారు. మిల్లులు మూతపడ్డప్పుడు ఆ వీధిన పడ్డవారిలో వారూ ఉన్నారు. కొందరు మరమగ్గాల విద్యతో తిరిగి వచ్చారు. సిరిసిల్ల మరమగ్గాల వెనుక ఆ వలసల నీడ ఉంది.

వరంగల్‌లో 1934లో నిజాం కాలంలో నెలకొల్పిన ఆజంజాహీ మిల్లు కూడా ఇదే దారిన నడిచింది. జాతీయ కార్పొరేషన్ చేతికి వెళ్లింది, యంత్రాలు పాతబడ్డాయి, పనివాళ్లు స్వచ్ఛంద విరమణ పేరుతో ఒక్కొక్కరుగా గేటు దాటారు, ఈ శతాబ్దం ఆరంభంలో మిల్లు మూతపడింది. ఆ నగరానికి సమీపంలోనే ఇప్పుడు కాకతీయ మెగా టెక్స్‌టైల్ పార్కు ఉంది. 2023 మార్చిలో కేంద్రం ప్రకటించిన ఏడు పీఎం మిత్రా పార్కుల్లో తెలంగాణ వాటా అదే. పత్తి పండే చోటనే మిల్లు ఉండాలన్న జంషెట్‌జీ వాదననే ఈనాటి పథకపు పత్రాలు ‘పొలం నుంచి విదేశం దాకా’ అన్న నినాదంతో తిరిగి చెబుతున్నాయి.

నినాదం మంచిదే. అయితే పార్కులో భూమి ఎవరి పేరున, ఏ షరతులపై ఉంటుంది? పరిశ్రమ ఆగిపోతే ఆ నేల పెట్టుబడిదారుకు మిగులుతుందా, ప్రజలకు తిరిగి వస్తుందా? రాయితీ ఇచ్చేది పెట్టిన యంత్రానికా, నడిచిన యంత్రానికా? పెట్టిన యంత్రానికి ఇచ్చే రాయితీ పావు అణా కమిషన్ లాంటిదే. సరుకు అమ్ముడుపోయినా పోకపోయినా అది జేబులో పడుతుంది. నైపుణ్యం నేర్చిన మనిషిని నిలుపుకునే ఖర్చు ప్రణాళికలో ఎక్కడ ఉంది? ఈ ప్రశ్నలు శాసనసభలో, పార్లమెంటులో అడగదగినవి. శంకుస్థాపన నాడు అడిగితే అపశకునంలా వినిపిస్తాయి. మూతపడిన నాడు అడిగితే ప్రయోజనం ఉండదు.

నాగపూరు, ఒసాకా, లాంకషైరు ఒకే యంత్రం గురించి వేరువేరు తీర్పులు చెప్పాయి. ఎవరి లెక్కలు వారికి సరిపోయాయి. బొంబాయి చెప్పిన పాఠం మరొకటి. అక్కడ మార్పు గిట్టుబాటు కాదని తేల్చింది యంత్రం కాదు, తేల్చేవాడి జేబు. మొదట పౌనుకు పావు అణా, తరువాత తరుగుదల తీయని లాభం, చివరకు చదరపు అడుగు ధర.

జంషెట్‌జీ మట్టి పోసి బంగారం తీశాడన్న ఎంప్రెస్ మిల్లూ చివరకు ఆ వరసలోనే చేరింది. 1986లో అది టాటాల చేతి నుంచి మహారాష్ట్ర ప్రభుత్వ సంస్థ చేతికి మారింది. ఆ తరువాత మూతపడింది. రెండు రింగ్ ఫ్రేములను పరీక్షకు నిలబెట్టిన ఆవరణలో ఇప్పుడొక షాపింగ్ మాల్ ఉంది. దాని పేరు కూడా ఎంప్రెస్సే.